తొక్కల షెడ్డులో ముక్కుగారు

మార్చి 4, మంగళవారం

ఈ డైరీ సీసా మూతల కంపెనీవాళ్ళు జనవరిలో ఇచ్చారు. ప్రతి పేజీ అడుగునా ఒక మూత బొమ్మ ఉంది. ఇన్నాళ్ళూ బీరువాలో పడి ఉంది. ఇవాళ బయటికి తీయడానికి పెద్ద కారణమేమీ లేదు. ఊరికే.

జ్వరం తగ్గి వారమైంది. జలుబు కూడా తగ్గింది. ముక్కు మాత్రం ఇంకా దారికి రాలేదు. గాలి బాగానే ఆడుతోంది, వాసన ఒక్కటే తెలియడం లేదు. ఇదేమంత విషయం కాదు. జలుబు తోక ఎక్కడో చిక్కుకుని ఉంటుంది, నాలుగు రోజుల్లో అదే పోతుంది.

ఇంకొకరికైతే నిజంగానే విషయం కాదు. నేను బతికేదే ముక్కు మీద. పళ్ళరసం ఫ్యాక్టరీలో రుచిగదికి నేను పెద్దని. ఏ తొట్టిలో రసమైనా నేను వాసన చూసి, గుక్కెడు తాగి, సరేనంటేనే సీసాల్లోకి వెళుతుంది. నా అసలు పేరు జీతాల గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. మేనేజరు దగ్గర్నుంచి గేటు కాపలా మనిషి దాకా అందరికీ నేను ముక్కుగారినే. మొదట్లో వెక్కిరింపుగా పెట్టిన పేరు, తర్వాత పదవి అయి కూర్చుంది.

సాయంత్రం మా ఆవిడ గ్లాసులో పాలు పోసి పెట్టింది. తాగి, బాగున్నాయన్నాను. ఖాళీ గ్లాసు చేతిలో పట్టుకుని కాసేపు నా మొహంలోకి చూసింది. ఏమిటన్నాను. ఏం లేదంది.

మార్చి 6

ఇవాళ పని ఎప్పటిలాగే జరిగిపోయింది. ఎలా జరిగిందో రాసుకోవాలి, ఎందుకంటే ఎవరికీ చెప్పుకోలేని తెలివి ఇది.

రుచిగదిలో నేను పెట్టిన పద్ధతి ఒకటుంది. అందరూ తాగుతారు, ఎవరూ నోరు మెదపరు. నేను గ్లాసు పైకెత్తితే పాసు, బల్ల మీద బోర్లిస్తే ఫెయిలు. ఆ తర్వాతే మాటలు. కిటికీ పక్కనున్న ఎత్తు కుర్చీ నాది. అందులోంచి అందరి మొహాలూ కనిపిస్తాయి. ఇవాళ నేను చేసిందల్లా ఆ మొహాలు చూడటమే. చిన్నముక్కు కనుబొమలు విప్పారితే గ్లాసు ఎత్తాను. ఆ అమ్మాయి నా తర్వాతి మనిషి. చురుకైన పిల్ల, అందుకే ఆ పేరు. తన కనుబొమల్లో ఒక ప్రయోగశాలంత సమాచారం ఉంది.

ఇన్నేళ్ళ అనుభవం ముక్కులో ఉండదు, తలలో ఉంటుంది. ఇవాళ రుజువైంది.

మార్చి 7

జలుబే.

మార్చి 11

ఈమధ్య ఆవిడకి నోరెక్కువైంది. పెళ్ళయిన దగ్గర్నుంచి అవసరమైతే తప్ప మాట్లాడని మనిషి. ఇప్పుడు లేచింది మొదలు ఒకటే రేడియో. "పక్కింటివాళ్ళు దుప్పట్లు ఉతికినట్టున్నారండీ, సబ్బు వాసన ఇక్కడిదాకా వచ్చింది." "ఎదురింటివాళ్ళు తలుపులకి రంగేయిస్తున్నారు, తల దిమ్మెక్కిపోతోంది." "ఈ తువ్వాలు ఆరలేదు, ముక్క వాసన. ఇది తీసుకోండి." నేను ఊ కొడుతున్నాను. వయసు మీదపడితే కొందరికి చాదస్తం ఇలా మొదలవుతుందేమో. పైకి అనలేదు. అంటే రేడియో స్టేషను మారుతుంది.

మార్చి 15, శనివారం

ఇవాళ ఫ్యాక్టరీలో నా గౌరవం అమాంతం పెరిగింది. నా ప్రమేయం ఏమీ లేకుండానే.

పిండేసిన బత్తాయి తొక్కలు వెనకాల షెడ్డులో పోస్తారు. కొండలా పేరుకుంటాయి. లారీ వచ్చి ఎత్తుకుపోయేలోపు పులిసిపోయి, ఆ వైపు వెళ్ళినవాళ్ళు చొక్కా ముక్కుకి అడ్డం పెట్టుకుని పరిగెడతారు. ఆ షెడ్డులోనే ఒక మూల డాక్టరమ్మ కాపురం. డాక్టరంటే సూదులేసే డాక్టరు కాదు, రసాయనాల్లో చదివి ఆ పట్టా తెచ్చుకుంది. ఏడాదిగా ఆ తొక్కల్లోంచి పనికొచ్చే పదార్థం తీస్తానని కూర్చుంది. మేనేజరు ఇచ్చింది షెడ్డు మూల, రెండు తొట్లు, ఒక పొయ్యి, ఎండబెట్టే ట్రేలు కొన్ని. ఆవిడ సహాయానికి వేసినవాళ్ళు వాసన భరించలేక ఒకరి తర్వాత ఒకరు సెలవు చీటీ పెట్టారట.

ఇవాళ వచ్చి, "సార్, ఒక్కసారి మా మూలకి వస్తారా? మీ ముక్కుకి అపచారమే, కానీ తప్పదు" అంది.

వెళ్ళాను. నింపాదిగా నిలబడ్డాను. చేతులు వెనక్కి కట్టుకుని తొక్కల కొండ చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగాను. మేనేజరు గుమ్మం అవతలే ఆగిపోయి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"అబ్బ, ఎలా తట్టుకుంటున్నారు ముక్కుగారూ? మామూలు ముక్కులమే చచ్చిపోతున్నాం, మీదసలే మహా సున్నితం కదా!"

"పని మీద శ్రద్ధుంటే కంపేమిటి, కమ్మదనమేమిటి" అన్నాను. నాకే ముచ్చటేసింది ఆ మాటకి.

డాక్టరమ్మ పని చూపించింది. తొక్కలు తరిగి, కడిగి, సున్నపు తేటలో నానబెడుతుంది. తొక్కలో ఉన్న పదార్థం ఆ నీళ్ళలోకి దిగుతుంది. వడగట్టి, ఆ తేటకి పులుపు తగిలించి వేడి చేస్తే, అడుగున లేత పసుపు పొడి పేరుకుంటుంది. రక్తనాళాలకి మేలు చేస్తుందని చాలాచోట్ల పరీక్షలు జరుగుతున్నాయట. "మేలెంతో వాళ్ళు తేల్చనీండి సార్. మనం పారబోసేదాంట్లో ఇంత ఉందన్నది మాత్రం నేను కళ్ళారా చూశాను" అంది. ఆ పొడిని మళ్ళీ మన రసంలోనే కలిపి కొత్త సీసా తేవాలని ఆవిడ ఆలోచన. మేనేజరుకీ ఆశగానే ఉంది. కాకపోతే గడువు పెట్టాడు. వచ్చే నెల రుచిగదిలో ఆ రసం పాసైతే షెడ్డు మొత్తం ఆవిడకే. కాకపోతే తొట్లు తీసేసి ఖాళీ సీసాల పెట్టెలు పేరుస్తారు, ఆవిడ ఇంకో ఉద్యోగం చూసుకోవాలి.

"అంతా మీ ముక్కు మీదే ఉంది సార్" అంది నవ్వుతూ.

నేనూ నవ్వాను. ఇంటికొచ్చేదాకా ఆ నవ్వు మొహం మీద అలాగే అతుక్కుని ఉండిపోయింది.

మార్చి 19

రాయబుద్ధి కావడం లేదు. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మొన్న ఒక తొట్టి రసాన్ని వేడి చేసే దగ్గర ఎక్కువసేపు ఉంచేశారట. మాడు వాసన పట్టింది. అది రుచిగదికి వచ్చింది. నేను తాగి చిన్నముక్కు మొహం చూశాను. ఆ అమ్మాయి నా మొహం చూస్తోంది. నా మొహం ప్రశాంతంగా ఉంది, ఎందుకుండదు? నా మొహం చూసి తనూ మొహం సర్దుకుంది. సర్దుకున్న మొహం చూసి నేను గ్లాసు ఎత్తాను. ఇద్దరు మనుషులు ఒకరి మొహంలో ఒకరు చూసుకుని, లేని రుచిని పాస్ చేశాం. నేను పెట్టిన పద్ధతి నా పీకకే చుట్టుకుంది.

నిన్న గోడౌనులో సీసా తెరిచిన మేనేజరు కేకలు పెట్టాడు. సరుకు బయటికి పోకముందే ఆపారు, అంతవరకు అదృష్టం. నన్నేమీ అనలేదు. "ముక్కుగారికీ ఒక రోజు పొరపాటు జరుగుతుంది" అన్నాడు.

అది కాదు నన్ను తినేస్తున్నది. మధ్యాహ్నం చిన్నముక్కు నా దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సార్, ఆ రోజు నాకు మాడు వాసన వచ్చినట్టే అనిపించింది. మీరేమో హాయిగా ఉన్నారు. నేనే పొరబడ్డాననుకున్నా. ఇప్పుడు అదా ఇదా తేల్చుకోలేకపోతున్నా. నా ముక్కు పాడైందంటారా?"

ఇక్కడ నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. చెప్పలేదు. "కాస్త జలుబు పట్టి ఉంటుందమ్మా, ఆవిరి పట్టు" అన్నాను.

మార్చి 20

ఆవిరి పట్టమన్నాను. నేను. ఆ పిల్లని.

మార్చి 25

మనసు బాగుండక సాయంత్రాలు తొక్కల షెడ్డుకి వెళుతున్నాను. అక్కడ నన్నెవరూ వాసన చూడమని అడగరు. వాసన తెలియని మనిషికి ఆ షెడ్డు స్వర్గం. డాక్టరమ్మకి తొక్కలు తరగడంలో సాయం చేస్తున్నాను. "మీలాంటి పెద్దమనిషి ఇంత కంపులో కూర్చుని కత్తి పట్టుకోవడం నేనెక్కడా చూళ్ళేదు సార్" అంటుంది. ఆవిడ పొగిడినకొద్దీ నేను తల దించుకుని తరుగుతున్నాను. అదింకా వినయంలా కనబడుతోంది.

ఇవాళ పొడి కాస్త నాలుక మీద వేసుకున్నాను. చేదు. ఎంత ఆనందమేసిందో! నెల రోజులుగా నాకు అన్నం కూడా మెత్తటి గుడ్డ ముక్కలాగే ఉంది. ఉప్పు, తీపి, పులుపు, చేదు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ నాలుగూ నాలుకవి, ముక్కువి కావు. ఇన్నేళ్ళూ ముక్కుగారి హోదాలో పడి నాలుకని పనిమనిషిలా చూశాను. పాపం, అది మాత్రం ఒక్కరోజు సెలవు పెట్టలేదు.

"పొడి చేదుగా ఉందమ్మా" అన్నాను.

"పొడి ఉత్తగా తింటే కొంచెం ఉంటుంది సార్. రసంలో చిటికెడే కదా వేస్తాం, తెలీదు" అంది.

తెలియకపోవచ్చు. ఆవిడకే బాగా తెలుసు.

ఏప్రిల్ 2

మందుల షాపుకని చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ముక్కు, చెవి, గొంతు చూసే డాక్టరు. లైటు పెట్టి లోపలంతా చూశాడు. గొట్టం శుభ్రంగానే ఉందన్నాడు. జ్వరం తెచ్చిన వైరస్సు, వాసన పట్టే భాగాన్ని దెబ్బ తీసిందట.

"తిరిగొస్తుందా?" అన్నాను.

"చాలామందికి వస్తుంది. నెలలు పట్టొచ్చు. కొందరికి రాదు కూడా. వచ్చేటప్పుడు మొదట్లో తలకిందులుగా వస్తుంటుంది, మంచి వాసన కంపులా తగులుతుంది. అది చూసి కంగారుపడకండి, దారిలో పడుతోందన్నమాట. రోజూ నిమ్మతొక్క, లవంగాలు, ఇలాంటివి పెట్టుకుని శ్రద్ధగా వాసన చూస్తుండండి." తర్వాత మందు చీటీ మీద ఏదో రాస్తూ అడిగాడు. "మీరేం చేస్తుంటారు?"

"గుమస్తా" అన్నాను.

ఇంకా జలుబే అని రాయడంలో అర్థం లేదు. ఇది జలుబు కాదు.

ఏప్రిల్ 5

జేబులో లవంగాలు, నిమ్మతొక్క పెట్టుకుని తిరుగుతున్నాను. స్నానాలగదిలో తలుపు వేసుకుని వాసన చూస్తున్నాను. ఏమీ లేదు. గోడని వాసన చూసినట్టుంది. మా ఆవిడ నా చొక్కా ఉతకబోతూ జేబులోంచి లవంగాలు తీసి బల్ల మీద పెట్టింది. అడగలేదు. "లవంగాలు ఘాటుగా ఉన్నాయండీ, మంచివే దొరికాయి" అని మాత్రం అంది.

రేడియో నడుస్తూనే ఉంది.

ఏప్రిల్ 11, శుక్రవారం

రేపే. తొక్కల పొడి కలిపిన రసం రుచిగదికి వస్తుంది.

డాక్టరమ్మ ఇవాళ షెడ్డు కడిగింది. ట్రేలన్నీ తోమి బోర్లించింది. పాసైతే కొత్త పొడికి సిద్ధం, కాకపోతే అప్పగింతకి సిద్ధం అంది. అంటూ నవ్వింది కానీ, ఆ నవ్వు నాకు తెలుసు, అలాంటిది నా దగ్గరా ఒకటుంది.

"సార్, మేనేజరుగారు మెహర్బానీకి పాస్ చేస్తే నాకొద్దు. చిన్నముక్కు మీ మొహం చూసే చెప్తుంది. మీరొక్కరు బాగుందంటే బాగున్నట్టే. బాలేదంటే మొహమాటం లేకుండా చెప్పండి, నేను పెట్టె సర్దుకుంటా."

గ్లాసు ఎత్తితే సరిపోతుంది. ఆవిడకి షెడ్డు, నాకు కుర్చీ, మేనేజరుకి కొత్త సీసా. అందరికీ మంచిదే. రసం నిజంగా బాగుండి ఉండొచ్చు కూడా. బాగోకపోతే? బజారులో సీసాలు వెనక్కొస్తాయి. అప్పుడు ఆ తప్పు ముక్కుగారిది అనరు, తొక్కలదే అంటారు, తొక్కల మనిషిదే అంటారు.

కుర్చీ అంటే నాకు ప్రేమ. ఎందుకు దాచడం, ఇక్కడ ఎవరున్నారు చదవడానికి? ఆ కుర్చీలోంచి దిగితే నేనెవరిని?

ఏప్రిల్ 12, శనివారం

మొత్తం రాస్తాను.

గదిలో నలుగురం. మేనేజరు, డాక్టరమ్మ, చిన్నముక్కు, నేను. నాలుగు గ్లాసులు. డాక్టరమ్మ ఇస్త్రీ చీర కట్టుకొచ్చింది. షెడ్డులో ఎప్పుడూ రబ్బరు బూట్లతో చూసిన మనిషి, మొదట గుర్తుపట్టలేదు.

తాగాం. నాకు తీపి తగిలింది, పులుపు తగిలింది. అంతే, చక్కెర కలిపిన పుల్లనీళ్ళు. చుట్టూ మాత్రం మొహాలు పువ్వుల్లా విచ్చుకుంటున్నాయి. మేనేజరు కళ్ళు మూసుకున్నాడు. చిన్నముక్కు కనుబొమలు ఏకంగా నుదుటి మధ్యకి వెళ్ళాయి. ఇంతకంటే తేలికైన పాసు నా జన్మలో రాదు. చెయ్యి దానంతటదే గ్లాసు ఎత్తడం మొదలుపెట్టింది.

సగంలో ఉండగా వచ్చింది చేదు. మింగేసిన తర్వాత, అంతా అయిపోయిందనుకున్నాక, నాలుక మొదట్లో మెల్లగా వచ్చి కూర్చుంది. వచ్చింది మరి లేవదు. భోజనాలయ్యాక వచ్చి తిష్ఠ వేసిన చుట్టంలాగ.

గ్లాసు కిందకి దింపి బోర్లించాను.

డాక్టరమ్మ మొహం తెల్లబోయింది. మేనేజరు కళ్ళు తెరిచాడు. "ఏమైంది ముక్కుగారూ? ఘుమఘుమలాడుతుంటేనూ!"

"చేదుంది. చివర్లో."

"నాకేం తెలీలేదే. నీకు?" అని చిన్నముక్కుని అడిగాడు.

"లేదు సార్. చాలా బాగుంది" అంది ఆ అమ్మాయి. నా వైపు చూసింది. చూసి, తడబడి, "ముక్కుగారు అన్నారంటే ఉండే ఉంటుంది సార్. నాకే ఈమధ్య సరిగ్గా తెలీడం లేదు" అంది.

ఇక నా వల్ల కాలేదు. చేదు కంటే ఆ మాట చేదుగా ఉంది.

"అందరూ ముక్కు గట్టిగా మూసుకుని మళ్ళీ తాగండి" అన్నాను.

మేనేజరు నన్ను ఎగాదిగా చూశాడు. అయినా మూసుకున్నాడు. ముగ్గురూ వేళ్ళతో ముక్కులు నొక్కిపట్టుకుని, పిల్లలు మందు తాగినట్టు రసం తాగారు. ఫ్యాక్టరీలో ఇంతటి గంభీరమైన సభ ఇదివరకు జరగలేదు. మొదట ఏమీ లేదు. తర్వాత మేనేజరు మొహం ఒక పక్కకి వంకరపోయింది.

"ఛేఛే, ఛేదే!" అన్నాడు ముక్కు వదలకుండా, మూసిన గొంతుతో.

డాక్టరమ్మ ముక్కు వదిలేసింది. "వాసన తియ్యగా ఉండేసరికి దాని చాటున చేదు తెలియడం లేదు! ఇంటికి తీసుకెళ్ళి రోజూ తాగేవాళ్ళకి మాత్రం తెలిసిపోతుంది." తనే మళ్ళీ గ్లాసు తీసుకుని ఇంకో గుక్క తాగి, ఏదో వెతుకుతున్నట్టు కిటికీలోంచి పిండే యంత్రం వైపు చూసింది. "గింజలు సార్! కొత్త యంత్రం గింజల్ని కూడా చితక్కొట్టి తొక్కలతోపాటే బయటికి తోస్తోంది. చేదు తొక్కది కాదు, గింజలది. ఆ చేదు నానబోసే నీళ్ళలోకి దిగి మళ్ళీ పొడిలోకి వస్తోంది. ముందే జల్లెడ పట్టి గింజలు ఏరేస్తే సరి!"

ఆవిడ ఓడిపోయిన మొహం కాదది. దొంగని పట్టుకున్న మొహం.

మేనేజరు మాత్రం నన్నే చూస్తున్నాడు. "అది సరే. ముక్కు మూసుకుంటే తెలుస్తుందని మీకెలా తట్టిందండీ?"

"నాది ఫిబ్రవరి నుంచీ మూసుకునే ఉంది కాబట్టి."

నేను చిన్నముక్కు వైపు తిరిగాను. ఎవరికి చెప్పాలో ఆ మనిషికే చెప్పాను.

"ఆ రోజు మాడు వాసన నిజమే అమ్మా. నీ ముక్కు నిక్షేపంలా ఉంది. లేనిది నాకు."

కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందనుకున్నాను, క్షమిస్తుందనుకున్నాను. లేచి నిలబడింది.

"మూడు వారాలు! మూడు వారాలుగా రెండు పూటలా ఆవిరి పట్టుకుంటున్నా సార్! మొహం ఉడికిపోయింది! మా ఇంట్లోవాళ్ళు నాకు ఆవిరికుడుమని పేరు పెట్టారు!"

ఎవరు ముందు నవ్వారో తెలియదు. మేనేజరేనని నా అనుమానం. తర్వాత ఆ అమ్మాయీ నవ్వింది, కోపం పూర్తిగా దించుకోకుండానే. అది న్యాయమే. నేను మాత్రం నవ్వలేకపోయాను. లేచి, ఎత్తు కుర్చీని ఆ అమ్మాయి వైపు జరిపాను. మేనేజరు వద్దనలేదు.

అదే రోజు, సాయంత్రం

మా ఆవిడకి చెప్పాను. వంటగదిలో చిక్కుళ్ళు ఒలుస్తోంది. అంతా విని, ఒలవడం ఆపకుండా, "తెలుసులెండి" అంది.

"ఎప్పట్నుంచి?"

"పాలు మాడ్చిన రోజునుంచి. గిన్నె అడుగంటి ఇల్లంతా ఒకటే కంపు. గిన్నె నానబెడదామని ఆ పాలు గ్లాసులో ఒంపి పక్కన పెట్టా, తర్వాత పారబోయొచ్చని. మీరొచ్చి గటగటా తాగేసి బాగున్నాయన్నారు."

"మరి అడగలేదేం?"

"చెప్తారేమోనని చూశా. చెప్పలేదు. సరే, ఆయనకి చెప్పుకోవాలని లేదు, వాసనలేవో నేనే చెప్తూ ఉంటే సరిపోతుంది కదా అనుకున్నా." ఇంకో చిక్కుడుకాయ చేతిలోకి తీసుకుంది. "అంతసేపు మాట్లాడటం నాకలవాటు లేదండీ. గొంతు పోయింది."

పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలిచాను. ఆవిడ మీద ఇంత ప్రేమ నాకు ఇంతకుముందు ఎప్పుడు కలిగిందో గుర్తుకు రాలేదు.

తర్వాత వచ్చి ఈ పేజీలు వెనక్కి తిప్పి, మార్చి 11న రాసిన "నోరెక్కువైంది" అన్న మాట కొట్టేశాను. "చాదస్తం" కూడా.

ఏప్రిల్ 21

మేనేజరు నిర్ణయం చెప్పాడు. చిన్నముక్కే ఇప్పుడు రుచిగదికి పెద్ద. మొదటి రోజే నా పద్ధతిని ఊడబెరికింది. ఇప్పుడు అందరూ ఒకరికొకరు వీపులు పెట్టి కూర్చుంటారు. ఎవరి మాట వాళ్ళు చీటీ మీద రాసి డబ్బాలో వేశాకే తిరగాలి. బాగుంది. నాకు తట్టనిది ఆ పిల్లకి తట్టింది. చేదు, పులుపు తేల్చాల్సి వచ్చినప్పుడు నన్నూ పిలుస్తారట, ఒక చీటీ నాది కూడా.

నా చోటు మాత్రం తొక్కల షెడ్డు. డాక్టరమ్మే అడిగి తీసుకుంది. "నాకు ముక్కుతో పనిలేదు సార్, నాలుక కావాలి. పైగా ఈ కంపులో కూర్చోగలిగేవాళ్ళు మీరు తప్ప ఫ్యాక్టరీలో ఎవరున్నారు?"

గడువు ఇంకో నెల పొడిగించారు. గింజలు ఏరడానికి జల్లెడ కట్టించారు. కుర్చీ పోయినందుకు బాధ ఉంది. ఇక్కడ స్టూలు ఉంది, ఒక కాలు పొట్టి. మడిచిన అట్టముక్క పెట్టుకున్నాను.

మే 9, శుక్రవారం

పాస్! వీపులు పెట్టి కూర్చుని, ఒకసారి ముక్కులు మూసుకుని, ఒకసారి తెరుచుకుని, చీటీలు వేసి, అన్ని విధాలా పాస్. నా చీటీ మీద "చేదు లేదు, ఎంతసేపు కూర్చున్నా రాలేదు" అని రాశాను. చిన్నముక్కు అన్నీ చదివి, ఎత్తు కుర్చీలోంచి గ్లాసు పైకెత్తింది. పాత అలవాటు, ముచ్చటపడి ఉంచుకుందట.

ఖాళీ సీసాల పెట్టెలు ఇక ఎక్కడైనా పేర్చుకోవాల్సిందే. డాక్టరమ్మ షెడ్డు గుమ్మంలో నిలబడి, ఇప్పుడే దింపిన తొక్కల కుప్పని ఇల్లు కట్టుకునే స్థలం చూసినట్టు చూసింది. "సార్, ఇందులో ఇంకా బోలెడుంది. పైతొక్కలో నూనె, లోపలి తెల్లపొరలో జిగురు. ఏదీ పారబోయక్కర్లేదు" అంది. నా స్టూలుకి నాలుగో కాలు సరిచేయిద్దాం, ముందు అదీ, అన్నాను.

ఇంటికి రాగానే మా ఆవిడ గుమ్మంలోనే ఆపి చొక్కా వాసన చూసింది.

"ఎలా ఉన్నాను?" అన్నాను.

"మొదట పులుపు," అంది కళ్ళు మూసుకుని, అచ్చం నాలాగ, "ఆ వెనకాల పాత బెల్లం, చివర్లో తడి గోనెసంచి. మొత్తం మీద, కంపు. స్నానానికి నడవండి."

ఇన్నేళ్ళూ నేను ఇంట్లో వాగిన వాసనల భాషంతా వింటూనే ఉందన్నమాట.

మే 20

లవంగం. ఏమీ లేదు. నిమ్మతొక్క. ఏమీ లేదు. పోనీ. ఆవిడ చెబుతోందిగా.

జూన్ 1, ఆదివారం

పొద్దున్న ఆవిడ కాఫీ తెచ్చింది. కప్పు నోటి దగ్గర పెట్టుకున్నాను. పెట్టుకుని ఆగిపోయాను. తడి గోనెసంచి. ఎక్కడిదీ కంపు? చొక్కా చూసుకున్నాను, ఉతికింది. కిటికీ మూసే ఉంది. కప్పు దూరం పెట్టాను, పోయింది. దగ్గర పెట్టాను, వచ్చింది. దరిద్రమైన కంపు.

"ఏమండీ, కాఫీ బాలేదా? అలా ఉన్నారేం?" అంది ఆవిడ.

తలకిందులుగా వస్తుందని ముక్కు డాక్టరు చెప్పిన మాట గుర్తొచ్చి, కప్పు ఆవిడ ముక్కు దగ్గర పెట్టాను. "ఏ వాసన వస్తోందో చెప్పు."

"కాఫీ వాసనేగా. ఇప్పుడే కాచింది, బ్రహ్మాండంగా ఉంది."

"నాకు గోనెసంచి వస్తోంది."

ఆవిడ నా మొహంలోకి చూసింది, ఆ పాల గ్లాసు రోజు చూసినట్టే. అర్థమైంది. కళ్ళు తుడుచుకుని నవ్వడం మొదలుపెట్టింది, నేనూ అంతే.

కాఫీ మొత్తం తాగాను. ముక్కు మూసుకోకుండా, ప్రతి గుక్కా వాసన చూస్తూ. చండాలంగా ఉంది. ఇంకో కప్పు పొయ్యమన్నాను.